రాతి చేతికి మూడు గాజులు

నేను దీన్ని తెలుగులో రాస్తున్నది భాష మీద ప్రేమతో కాదు. ఇందులో వచ్చే మనుషులు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ చదవలేరు. చదవగలిగిన ఒకరిద్దరు పెళ్ళిపత్రికలు తప్ప ఇంకేమీ చదవరు. కాబట్టి వాళ్ళ గురించి అనుకున్నది అనుకున్నట్టు రాసుకోవచ్చు. తిరుత్తణి బడిలో పదో తరగతి దాకా తెలుగులో చదివిన ఆఖరి పిల్లల్లో నేనొకదాన్ని. మా అమ్మాయి చదువంతా తమిళంలోనే సాగింది. నా చేతిరాత చూసి, "ముగ్గులేస్తా ఉండావా అమ్మా" అంటుంది.

మా చేను కనకమ్మ సత్రం దగ్గర తిరుత్తణి రోడ్డు దిగి లోపలికి రెండు మైళ్ళు. నాలుగెకరాలు. వేరుశనగ వేస్తాం, గట్టు మీద కొన్ని మామిడిచెట్లు ఉన్నాయి. నేను చెప్పబోయేది జరిగేటప్పటికి మా ఆయన పోయి తొమ్మిదేళ్ళు. ఆయన పోయిన పదకొండో రోజున మా బావ, అంటే మా ఆయన అన్న, నలుగురి మధ్య కూర్చుని నా బతుకు ఎట్లా నడవాలో తీర్మానించాడు. చేను కౌలుకిచ్చేయాలి. నేను అమ్మాయిని వెంటబెట్టుకుని తిరువళ్ళూరులో వాళ్ళింటికి పోయి వెనక గదిలో ఉండాలి. వెనక గది అంటే వంటింటిని ఆనుకుని ఉన్నది. వాళ్ళింట్లో వంటమనిషి లేదు.

అంతకుముందు రోజు నా చేతి గాజులు పగలగొట్టించిందీ ఆయనే. ఆడవాళ్ళు జంకుతూ నిలబడితే, పొద్దెక్కిపోతోందని వాకిట్లోంచి కేకేశాడు. నేను చేతులు చాపాను. ఎవరూ పట్టి లాగలేదు, నేనే చాపాను. ఇందులో వాళ్ళను ఎంత ఈసడించినా, ఆ రోజు చాపిన చేతులు నావేనని ముందే ఒప్పుకోవడం మంచిది. వెనక గదికి మాత్రం పోలేదు. చేను నేనే చేసుకుంటానన్నాను. "చూస్తాం ఎన్నాళ్ళు చేస్తావో" అన్నాడు బావ. ఆ తొమ్మిదేళ్ళలో ఆయన మా చేలో కాలుపెట్టింది రెండేసార్లు. రెండుసార్లూ ప్లాట్లు వేసేవాళ్ళను తోడు తెచ్చుకున్నాడు.

నాతోపాటు చేలో ఒక అవ్వ పని చేస్తుంది. లెక్కకు ఆమె కూలికి వచ్చే మనిషి. నిజానికి ఏ రోజు ఏ మడికి నీళ్ళు కట్టాలో, ఎప్పుడు కలుపు తీయాలో నాకు చెప్పేది ఆమె. ఆమె మొగుడు పోయి నలభై ఏళ్ళయింది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తదు.

చేనికి ఉత్తరం మూల ఒక మిట్ట ఉండేది. తుమ్మకంప, చీమల పుట్టలు. చదును చేస్తే నాలుగు చాళ్ళు కలిసొస్తాయని ఎండాకాలంలో జేసీబీ పిలిపించాను. మిట్టను సగం తవ్వాక తొట్టికి ఏదో గీసుకున్న చప్పుడైంది. డ్రైవరు దిగి, మట్టి చేత్తో తోసి చూసి, "అక్కా, బొమ్మలుండాయి" అన్నాడు.

రెండు రాళ్ళు. నడుమెత్తు పలకలు. ఒకదాని మీద విల్లు పట్టుకున్న మగమనిషి ఒక కాలు ముందుకేసి నిలబడి ఉన్నాడు. ఆయన కాళ్ళ దగ్గర కుక్కపిల్లలంత ఆవులు రెండు. తలకు పైన మూడు వరసల అక్షరాలు. రెండో రాతి మీద ఆడమనిషి. ఒక చేయి కిందికి వదిలి, ఇంకో చేయి నిటారుగా పైకెత్తి ఉంది. ఎత్తిన చేతిలో ఏదో పట్టుకుంది. మొహం అరిగిపోయింది. అక్షరం ఒక్కటీ లేదు. చచ్చినవాళ్ళ గుర్తుకు నిలబెట్టే ఇట్లాంటి రాళ్ళను తమిళంలో నడుగల్ అంటారు, మనవాళ్ళు వీరగల్లు అంటారు. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు.

నాకు భక్తి కలగలేదు. మా నీళ్ళ కాలవ దాటడానికి ఒక బండ కావాలని ఏడాదిగా అనుకుంటున్నాను. "ఆ రెండోది బోర్లా కాలవ మీద వేసెయ్" అన్నాను. డ్రైవరు బండి తిప్పుతుండగా అవ్వ చేతిలో గడ్డపార కింద పెట్టి వచ్చింది.

"ఆడమనిషిని మొగం కిందికేసి తొక్కుతావా అమ్మా?"

"అది రాయి అవ్వా."

"రాయే. ఎవురో కూచోని చెక్కించినారు గదా. ఊరికే చెక్కిస్తారా?"

డ్రైవరును ఆగమన్నాను. రెండు రాళ్ళనూ కానుగచెట్టు కింద నిలబెట్టించి మొదట్లో మట్టి కూరించాను. అవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇద్దరి మొహాలూ కడిగింది. నా మటుకు ఆ విషయం అక్కడితో తీరిపోయిందనుకున్నాను.

డ్రైవరు ఫోన్లో ఫోటో తీశాడు. మూడో రోజుకల్లా అది చుట్టాలందరి ఫోన్లలోకీ చేరింది. నాలుగో రోజు పొద్దున మా బావ కారు దిగాడు.

బావ గురించి కొంచెం చెప్పాలి. సర్కారు ఆఫీసులో గుమాస్తాగా రిటైరయ్యాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒక్క ఫైలు కదిలించని మనిషి, రిటైరయ్యాక వంశచరిత్రను కదిలించడం మొదలుపెట్టాడు. కులసంఘంలో ఉపాధ్యక్షుడు. మా పెద్దలు విజయనగర రాజుల దండుతో ఈ వైపు వచ్చారని ఆయన ప్రతి పెళ్ళిలోనూ మైకు పట్టుకుని చెబుతాడు. వచ్చింది నిజమే కావచ్చు. రాజు పక్కన గుర్రమెక్కి వచ్చారో, ఆ గుర్రానికి గడ్డి కోయడానికి వచ్చారో ఎవరికీ తెలియదు. ఆ రెండో మాట మాత్రం ఏ మైకులోనూ వినబడదు.

ఆయన మగమనిషి రాయిని చూడనైనా చూడలేదు. నేరుగా ఆడమనిషి ముందు నిలబడి చెప్పులు విడిచాడు.

"ఈమె ఎవురనుకుంటా ఉండావు? తీపాంజ అమ్మన్. మొగుడు యుద్ధంలో పడిపోతే ఆయప్పతో పాటు నిప్పుల్లో దూకిన మహాతల్లి. మన వంశం పేరంటాలు."

"మన వంశమని యాడ రాసుండాది బావా?"

"రాసుండాల్నా? మన చేలో దొరికింది గదా."

తొమ్మిదేళ్ళలో ఆయన నోట 'మన చేను' అనే మాట వినడం అదే మొదలు.

వచ్చే శుక్రవారమే పూజ అని నిర్ణయమైంది. ఎవరు నిర్ణయించారని నేనడగలేదు, ఎవరూ చెప్పలేదు. రెండు వ్యాన్లలో జనం దిగారు. ఆడవాళ్ళంతా పట్టుచీరలు కట్టుకుని, పసుపు కుంకుమల పళ్ళేలతో వేరుశనగ చాళ్ళను అడ్డదిడ్డంగా తొక్కుకుంటూ వచ్చారు. మా తోటికోడలు, అంటే బావ భార్య, నా దగ్గరికొచ్చి నా మొహం వైపు చూడకుండా చెప్పింది.

"ఏమనుకోవద్దు చెల్లా. ఇది ముత్తైదువులు చేసే పూజ. నువ్వు ఆ మోటారు షెడ్డు కాడ ఉండు. పిలిస్తే పలికేట్టు ఉండు. నీళ్ళూ అదీ కావాల గదా."

చేను నాది, బోరు నాది, రాయిని మట్టిలోంచి తీయించింది నేను. అయినా పోయి షెడ్డు దగ్గర నిలబడ్డాను. చేతులు చాపినదాన్ని, దూరం పొమ్మంటే పోకుండా ఉంటానా? అవ్వ కూడా వచ్చి నా పక్కన నిలబడింది. ఆమెను ఎవరూ పొమ్మనలేదు. ఆమె అక్కడ ఉన్నట్టే వాళ్ళు గమనించలేదు.

రాతికి పసుపు పూశారు. పాలు పోశారు. ఎర్రచీర చుట్టారు. మొహం లేనిచోట వెండి కళ్ళు అంటించారు. ఆవుల కోసం చచ్చిపోయిన ఆ పక్క మనిషికి ఒక పువ్వు కూడా పెట్టలేదు సరికదా, ఆయన విల్లుకు ఎవరో చెప్పుల సంచి ఆనించి పోయారు. బావ బ్యాటరీ మైకు తెరిచాడు.

"ఆ కాలం ఆడోళ్ళు వేరే. మొగుడు పోయినాక ఒక్క పూట ఈ గాలి పీల్చలే. ఒక్క ముద్ద నోట్లో పెట్టలే. ఇప్పటోళ్ళకు అది అర్థం గాదు."

కొన్ని తలలు మోటారు షెడ్డు వైపు తిరిగాయి. తిరగడం నేను చూడాలనే తిరిగాయి. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నా చెవిలో అంది.

"ఆయమ్మ నిప్పుల్లోంచి లేచొస్తే ఈళ్ళు యాడ నిలబెడతారు?"

"ఈడే అవ్వా. మన పక్కన."

అంటూనే నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. మైకు ఒక్క క్షణం ఆగింది. నవ్వింది నేనేనని అందరికీ తెలిసింది. బావ గొంతు సవరించుకుని మళ్ళీ గాలి పీల్చని ఆడవాళ్ళ దగ్గర్నుంచి అందుకున్నాడు. చివర్లో నాకు విస్తరాకులో పొంగలి షెడ్డు దగ్గరికే పంపించారు. తిన్నాను. ఆకలేసింది. పొంగలి మా తోటికోడలు చేసింది, బాగుంది. ఆ ఇంటి నుంచి వచ్చేవాటిలో నేను గౌరవించేది ఆమె వంట ఒక్కటే.

తర్వాతి శుక్రవారం ఇంకో వ్యాను వచ్చింది. బావ కానుగచెట్టు చుట్టూ అడుగులతో కొలిచి, ఇక్కడ మండపం, ఇక్కడ గేటు అని ఎవరికో చూపిస్తున్నాడు. ఆ అడుగులన్నీ నా వేరుశనగ మీదే పడుతున్నాయి.

పాండూరులో ఒక రిటైర్డ్ తమిళ మాస్టారు ఉన్నాడని, ఊరూరా తిరిగి పాత రాళ్ళు చదువుతాడని మా అమ్మాయి కనుక్కుని చెప్పింది. నేనే ఫోన్ చేశాను. చరిత్ర తెలుసుకోవాలని కాదు. మా బావ తప్పని ఎవరైనా చెబితే వినాలని. ఆయన పాత మోపెడ్ మీద, తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. ఆయన మాట్లాడింది తమిళం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. రాళ్ళను చూసి మొదట అన్నమాట, "ఈ చీరెవరు కట్టారు?"

పసుపూ నూనే వదిలించడానికి అరపూట పట్టింది. అప్పుడు గుప్పెడు బియ్యప్పిండి అడిగి, అక్షరాల మీద రుద్ది, చాప మీద పడుకుని చదవసాగాడు. నేనూ అవ్వా పక్కన కూర్చున్నాం. ఒక్కో అక్షరానికి తల అటూ ఇటూ వంచి, గొణిగి, కొట్టేసి, మళ్ళీ రాసుకున్నాడు. చాలాసేపటికి లేచి కూర్చున్నాడు.

"ఎవరో ఆవులను తోలుకుపోతుంటే ఇతను అడ్డం పోయాడు. ఆవులను విడిపించి పడిపోయాడు. పడిపోయాడంటే చనిపోయాడని. పేరులో రెండక్షరాలు మిగిలాయి. వాటితో పేరు అల్లడం నాకిష్టం లేదు."

"మూడో వరస?"

"ఇతని తల్లి నిలిపించిన రాయి, అని."

"పెళ్ళాం కాదా?"

"తాయ్ అని స్పష్టంగా ఉంది. ఇందులో నేను ఊహించింది ఏమీ లేదు."

ఆ రాతకు వెయ్యేళ్ళకు అటూ ఇటూగా వయసుంటుందని కూడా చెప్పాడు. అంటే మా పెద్దలు గుర్రాల వెంట ఈ వైపు రావడానికి కొన్ని వందల ఏళ్ళ ముందరిది. మా వంశానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. నేను వినాలనుకున్నది విన్నాను.

"మరి ఆడమనిషి?"

ఆయన రెండో రాతి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "నిప్పుల్లో పడినామెకు రాయి నిలిపితే చేయి మోచేతి దగ్గర వంచి చెక్కుతారు. గాజులుంటాయి. వేళ్ళలో నిమ్మకాయ ఉంటుంది. ఈమె చేయి వంగలేదు. గాజుల్లేవు. పట్టుకున్నది పొడుగ్గా ఉంది. కొడవలి కావచ్చు, కర్ర కావచ్చు, గరిటె కూడా కావచ్చు."

"ఆ తల్లే అయ్యుండొచ్చు గదా అయ్యా?"

"అయ్యుండొచ్చు. కాకపోనూవచ్చు. రెండూ ఒకచోట దొరికినంత మాత్రాన ఒకే ఇంటివి కావు. రాయనిది నేను చదవలేనమ్మా."

నాకు ఆయన మీద కోపమొచ్చింది. ఇంత దూరం పిలిపించుకున్నది తెలియదని చెప్పించుకోవడానికా? ఆ వారమంతా కనబడినవాళ్ళందరికీ, ఆమె పెళ్ళాం కాదు, తల్లి, కొడుకు పోయాక బతికి రాయి నిలిపిన తల్లి, మాస్టారే చెప్పాడు అని చెప్పుకుంటూ తిరిగాను. ఆయన చెప్పలేదు. అవ్వ ఒకరోజు నా మాట విని, "అట్ల చెప్పలేదు గదమ్మా ఆయప్ప" అంది. అబద్ధం చెప్పడానికి మా బావకు మైకు కావాలి, నాకు అదీ అక్కర్లేకపోయింది. అంతే తేడా.

బావకు ఫోన్లో మాస్టారు చదివిందంతా చెప్పాను.

"వాడు పెన్షన్ తీసుకుని పొద్దు పోక తిరగతా ఉండేవాడు. వాడి మాటేంది" అన్నాడు. బావ కూడా పెన్షనుదారే. తర్వాత కొంచెం ఆగి అడిగాడు. "గాజుల్లేవన్నాడా?"

"లేవన్నాడు."

"సరే" అని పెట్టేశాడు. ఆ 'సరే' అంత మెత్తగా ఎందుకొచ్చిందో నేను ఆలోచించి ఉండాల్సింది.

నాలుగు రోజుల తర్వాత తిరుత్తణిలో ఎరువుల కొట్టుకు పోయి, పదకొండు గంటలప్పుడు చేనికి తిరిగొస్తున్నాను. గట్టు మీద ఉండగానే ఉలి చప్పుడు వినబడింది. కానుగ కింద ఒక రాతిపనివాడు గొంతు కూర్చుని ఆడమనిషి ఎత్తిన చేతి మీద పని చేస్తున్నాడు. మణికట్టు చుట్టూ మూడు గాజులు అప్పటికే చెక్కేశాడు. తెల్లగా, కొత్తగా, పుండులాగా కనబడుతున్నాయి. చేతిలో పొడుగ్గా ఉన్నదాన్ని కొట్టి గుండ్రం చేశాడు. ఎద మీద తాళిబొట్టుకు, కాళ్ళ దగ్గర మంటలకు సుద్దముక్కతో గీతలు గీసి ఉన్నాయి. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో మా బావ కాఫీ తాగుతున్నాడు. అవ్వ దూరంగా, నాకోసమే ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉంది. "చెప్పినా అమ్మా. ఇనలేదు" అంది.

"ఏం చేస్తా ఉండారు బావా?"

"అరిగిపోయింది గదమ్మా. జీర్ణోద్ధారణ."

"గాజుల్లేవని చెప్పినాడు గదా ఆయన."

"అందుకే గదా పెట్టిస్తా ఉండాను."

ఆ మాట ఆయన పరిహాసానికి అనలేదు. తప్పు చేస్తున్నానని ఆ మొహంలో ఎక్కడా లేదు. లేనిది పెట్టిస్తే ఉన్నట్టే అని నిజంగానే నమ్మాడు. ఆయన మీద నాకు అప్పటిదాకా ఉన్నది కోపం. ఆ క్షణంలో కోపం కూడా దండగనిపించింది.

"నా చేతివి పగలగొట్టించినారు. ఈమె చేతికి పెట్టిస్తా ఉండారు" అన్నాను.

"నువ్వూ ఆమే ఒకటేనా?"

"కాదు. నేను బతికుండాను. లేయండి బావా, నా చేలోంచి పోండి."

"ఇది నా తమ్ముడి చేను."

"పట్టా నా పేరున ఉండాది. తాలూకాఫీసుకు పోయి చూసుకోండి."

ఆయన నా మీదికి అరవడానికి కుర్చీలోంచి లేచాడు. లేవగానే అవ్వ ఆ కుర్చీ తీసుకుని గట్టు మీదుగా నడుచుకుంటూ పోయి, కారు పక్కన పెట్టి వచ్చింది. బావ కొంతసేపు నిలబడే అరిచాడు. మొగుణ్ణి మింగినదానివన్నాడు, వంశానికి చెదపురుగువన్నాడు. నిలబడి అరవడం ఆయనకు అలవాటు లేదు, తొందరగా ఆయాసమొచ్చింది. కుర్చీ ఉన్నచోటికి నడిచాడు.

రాతిపనివాడు ఉలీ సుత్తీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. "ముందుండేదాన్ని మళ్ళీ పెట్టగలవా?" అని అడిగాను. "తీసింది పెట్టలేనక్కా. రాయి గదా" అన్నాడు తలెత్తకుండా. ఆ రోజు ఆ చేలో సిగ్గుపడిన మగవాడు అతనొక్కడే. మాతోపాటు అన్నం తిని, పని సంచి భుజానేసుకుని నడిచి వెళ్ళిపోయాడు.

ఇక రాళ్ళు అక్కడ ఉంటే బతకవని తెలిసింది. మాస్టారి సలహాతో తమిళంలో అర్జీ రాయించి గ్రామ అధికారికి ఇచ్చాను. ఆయన అర్జీని ముందూ వెనకా తిప్పి చూసి, రాళ్ళకు ఫారం లేదమ్మా అన్నాడు. రేపు వస్తామన్నారు. మూడు వారాలు రేపే నడిచింది. అప్పుడు జేసీబీ డ్రైవరును పిలిచి, ట్రాక్టర్ ట్రైలర్లో వరిగడ్డి పరిచి, రెండు రాళ్ళనూ ఎక్కించి తిరుత్తణి తాలూకాఫీసుకు తోలించాను. దారి పొడుగునా అవ్వ ట్రైలర్లోనే, ఆడమనిషి పక్కన గడ్డిలో కూర్చుని వచ్చింది.

"ఇక్కడికెందుకు తెచ్చారు?" అన్నారు ఆఫీసులో.

"మీరు రాలేదు గదా."

అది వాళ్ళకు మర్యాదగా అనిపించలేదు. మధ్యాహ్నం దాకా నిలబెట్టి, చివరికి పట్టుబడిన మోటారుసైకిళ్ళ పక్కన రాళ్ళను దించనిచ్చారు. రశీదు ఇచ్చారు. అందులో తమిళంలో ఇట్లా ఉంది: కల్లు, అంటే రాళ్ళు, రెండు. విల్లూ లేదు, ఆవులూ లేవు, తల్లీ లేదు.

అయిదు నెలల తర్వాత మ్యూజియం వాళ్ళు వచ్చి మగమనిషిని తీసుకుపోయారు. నన్ను పిలిచి ఆడమనిషిని తిరిగి తీసుకుపొమ్మన్నారు. చేతి మీద కొత్త ఉలిపని ఉంది, పాతదని నిర్ధారించలేము అన్నాడు అధికారి. మాస్టారు మోపెడ్ వేసుకుని పరుగెత్తుకొచ్చాడు.

"గాజులే నిన్నటివి సార్. మనిషి పాతది."

"రాసివ్వండి, చూస్తాం."

ఆయన నాలుగు పేజీలు రాసిచ్చాడు. వాళ్ళు చూడలేదు. మా బావ చేయించిన మూడు గాజులతో ఆమె వెయ్యేళ్ళ వయసు పోయింది. నేను సంతకం పెట్టి అదే ట్రాక్టర్లో వెనక్కి తెచ్చుకున్నాను.

బావ దాని కోసం రాలేదు. ఈలోగా వెంగల్ పోయే దారిలో సంఘం స్థలంలో కొత్త అమ్మన్ వెలిసింది. నల్లటి నున్నటి గ్రానైటు, మొహం టీవీ సీరియల్లో కోడలిలాగా ఉంటుంది. చేతికి డజను గాజులు, కాళ్ళ కింద ఎర్రరంగు వేసిన మంటలు. బోర్డు మీద వంశం పేరు, ఉపాధ్యక్షుడి పేరు. శుక్రవారాలు జనం బాగానే వస్తారట. పాత రాయి తాలూకాఫీసులో పడి మైలపడిపోయిందని ఆయన చెప్పుకుంటున్నాడని విన్నాను.

ఒక మధ్యాహ్నం మా తోటికోడలు ఫోన్ చేసింది. రెండేళ్ళలో అదే మొదటిసారి.

"మీ బావకు తెలీకుండా చేస్తా ఉండాను. ఆ మాస్టారు నిజంగానే తల్లి అని చెప్పినాడా?"

నా నోటి దాకా వచ్చిన మాటలు చాలా ఉన్నాయి. మోటారు షెడ్డు దగ్గర్నుంచి మొదలుపెట్టి అన్నీ అనాలనుకున్నాను. కానీ ఆమె గొంతులో పూజ చేయించిన మనిషి గొంతు లేదు.

"మగమనిషి రాయి పెట్టించింది తల్లి. ఆడమనిషి ఎవురో తెలీదన్నాడు" అని ఉన్నదే చెప్పాను.

"తల్లే అయ్యుంటే బాగుండు" అని పెట్టేసింది. ఆ ఇంట్లో మనిషిని ఈసడించకుండా ఫోన్ కింద పెట్టడం నాకు కొత్త.

ఆడమనిషిని ఎక్కడ నిలబెట్టాలో అవ్వే చెప్పింది. కళ్ళం దగ్గర, దారికి మొహం పెట్టి నిలబెట్టాం. గాజులను ఇటుకముక్కతో రుద్ది చూసింది. కొంచెం మాసిపోయాయి గానీ పోలేదు. దారిన పోయేవాళ్ళు ఎవరామె అని అడుగుతారు. మాకు తెలియదని చెబుతాను. ఆ మాట చెప్పడం నాకు అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది.

పోయిన నెల మ్యూజియానికి పోయి మగమనిషిని చూసొచ్చాను. వరండాలో మంచి పీట మీద నిలబెట్టారు. పక్కన అట్ట మీద తమిళంలోనూ ఇంగ్లీషులోనూ రాశారు. ఆవులను విడిపించి వీరమరణం పొందాడని ఉంది. అంతే ఉంది. అక్కడ కూర్చున్న ఉద్యోగిని పిలిచి, రాతి మీద మూడు వరసలున్నాయి, అట్ట మీద రెండిటి సంగతే ఉంది, దీన్ని తల్లి నిలిపించిందని ఎందుకు రాయలేదని అడిగాను. అతను అట్టకేసి, నాకేసి చూసి, "ఎడం ఇల్లమ్మా" అన్నాడు. చోటు లేదట. అట్ట మీద కింద నాలుగు వేళ్ళ ఖాళీ ఉంది. చూపించాను. అతను ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు.

సాయంత్రం రైలు దిగి చేనికే పోయాను. అవ్వ కలుపు తీస్తోంది. నేను అట్ట సంగతంతా చెప్పి, వాళ్ళను తిట్టాల్సినంతా తిట్టాను. ఆమె చేతిలో పని ఆపకుండా విని, "ఆయప్ప బాగుండాడా?" అని అడిగింది.

"నీడలో ఉండాడు. మీద ఫ్యాను తిరగతా ఉండాది."

"సరేలే" అని, పక్క చాలులో నాకూ చోటిచ్చింది. నేను చీర ఎగ్గట్టి కూర్చున్నాను.